వినతిపత్రంలో లేని పేరాలు: దక్షిణ ఒడిశా తెలుగు సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

బరంపురం నుంచి పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ దాకా ఉన్న తెలుగు సంఘాల పెద్దలందరికీ నమస్కారం.

కలెక్టరు గారికి మొన్న మీరిచ్చిన వినతిపత్రాన్ని ఒడియాలో రాసి టైపు చేసింది నేనే. తహసీలు ఆఫీసు ఎదురుగా అర్జీలు రాసి, జిరాక్సులు తీసి బతికేదాన్ని కాబట్టి ఆ పని నా దగ్గరికి వచ్చింది. సంతకాలు పెట్టిన పెద్దల్లో ఎంతమంది దాన్ని మొదట్నుంచి చివరిదాకా చదివారో చెప్పలేను గాని, టైపు చేసేవాళ్ళకి ఆ వెసులుబాటు ఉండదు. అక్షరం అక్షరం చదివాను.

మంచి వినతిపత్రం. రాజ్యాంగం 350ఎ అధికరణం ప్రకారం ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పించాలన్నారు. ఖాళీగా ఉన్న తెలుగు ఉపాధ్యాయుల పోస్టులు నింపమన్నారు. పాఠ్యపుస్తకాలు బడి తెరిచేనాటికే ఇప్పించమన్నారు. భాషా అల్పసంఖ్యాకుల కమిషనరుకి ఒక ప్రతి పంపుతున్నట్టు అడుగున రాశారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని మన ప్రాంతాలు ఇటు కలిసిన సంగతి, అది భరించలేక గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడి విడిచి వెళ్ళిన సంగతి, వి.వి. గిరి గారు బరంపురంలో పుట్టిన సంగతి, అన్నీ ఉన్నాయి. తెలుగు భవనానికి స్థలం కూడా అడిగారు.

వీటిలో ఒక్కదానితోనూ నాకు పేచీ లేదు. రమ్మంటే నేనూ వచ్చి సంతకం పెడతాను. నా పేచీ అందులో లేనివాటితోనే.

ముందు ఆ తెలుగు బడిలో చదివేదెవరో చూడండి. మా ఊరి తెలుగు బడి హాజరు పట్టీ తీస్తే రెల్లి వీధి పిల్లలు, జాలారిపేట పిల్లలు, గూడ్సు షెడ్డు దగ్గర మూటలు మోసేవాళ్ళ పిల్లలు, రిక్షా తొక్కేవాళ్ళ పిల్లలు కనపడతారు. మీ మనవలు లేరు. వాళ్ళు భువనేశ్వర్‌లోనో విశాఖలోనో ఇంగ్లీషు మీడియంలో చదువుకుంటున్నారు. ఇందులో తప్పేమీ లేదు, చేతిలో డబ్బుంటే మా వీధివాళ్ళూ అదే చేస్తారు. నేను చెప్పేదల్లా, మీరు అడుగుతున్న హక్కు మా పిల్లలది అని. మా పిల్లల పేరు మీద కలెక్టరు గారి దగ్గరికి వెళ్ళి, మా పిల్లల ఇంట్లో ఏం జరుగుతోందో ఒక్క ముక్క చెప్పకుండా తిరిగొచ్చారు.

ఏం జరుగుతోందో నేను చెప్తాను. మా అమ్మ మున్సిపాలిటీ చీపురు పట్టి మమ్మల్ని పెంచింది. ఇప్పుడు మా వదిన పడుతోంది. అమ్మ కాలంలో ఆమె పేరు మున్సిపాలిటీ మస్టర్లో ఉండేది. వదిన పేరు ఒక ఏజెన్సీ దగ్గర ఉంది. వీధి అదే, చెత్త అదే, తెల్లవారక ముందే లేవడమూ అదే. ఏజెన్సీ మాత్రం టెండరుకొకసారి మారుతుంది. మారినప్పుడల్లా పాత ఏజెన్సీ ఆఖరి జీతం ఎగ్గొడుతుంది, కొత్త ఏజెన్సీ మొదటి జీతం ఆలస్యం చేస్తుంది. ఆ సందులో ఇంట్లో పెద్ద పిల్ల బడి మానేస్తుంది. తల్లి రోడ్డు మీద ఉంటే చంటిదాన్ని ఎత్తుకునేదీ, కుళాయి దగ్గర వరసలో నిలబడేదీ ఆ పిల్లే. రెండు నెలలు మానిన పిల్ల మూడో నెల వెళ్ళడానికి సిగ్గుపడుతుంది. అలా నలుగురైదుగురు మానేస్తే, పిల్లలు లేరని చెప్పి బడిని పక్కనున్న ఒడియా బడిలో కలిపేస్తారు. అప్పుడు మీరు తెలుగుకి అన్యాయం జరిగిందని ధర్నా చేస్తారు. జరిగిన మాట నిజమే. కాని ఆ అన్యాయం విద్యాశాఖలో మొదలవలేదు, ఏజెన్సీ జీతాల కాగితంలో మొదలైంది.

వినతిపత్రం ఖరారు చేసిన సమావేశంలో మా వదిన లేచి ఇదే అడగబోయింది. "బాబుగారూ, బడి సంగతి సరే, మా జీతాల సంగతి కూడా ఓ రెండు ముక్కలు రాయించండి" అంది. వేదిక మీది పెద్దాయన కోప్పడలేదు. చాలా మర్యాదగానే, "అమ్మా, ఇది భాషా హక్కుల విషయం. కూలి సంగతి యూనియన్లో మాట్లాడుకోండి. రెండూ కలిపితే అసలుది పలచబడిపోతుంది. మనది సాంస్కృతిక సంఘం" అన్నారు. మా వదిన కూర్చుంది. ఇంటికొచ్చాక నాతో అంది: "ఆయనకి అసలుదేటో, మనకి అసలుదేటో ఏరేరుగా ఉన్నాయే."

ఆ మాట అన్నప్పుడు ఆ పెద్దాయన తలపైన గోడకి గిరి గారి ఫోటో ఉంది.

గిరి గారు 1894లో బరంపురంలో పుట్టారని వినతిపత్రంలో రాశారు, రాష్ట్రపతి అయ్యారని రాశారు. మధ్యలో ఏం చేశారో రాయలేదు. ఐర్లాండులో బారిస్టరీ చదివి వచ్చిన మనిషి, కావాలంటే పెద్ద వకీలుగా హాయిగా బతికేవారు. వెళ్ళి రైల్వే కార్మికుల మధ్య కూర్చున్నారు. మన ఊళ్ళ మీదుగా వెళ్ళే బెంగాల్ నాగపూర్ రైల్వేలో కార్మిక సంఘం కట్టారు, 1928లో సమ్మె నడిపారు. అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కి అధ్యక్షులయ్యారు. స్వతంత్రం వచ్చాక 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చినందుకు 1954లో ఆ పదవి వదిలేశారు. జీతాల విషయంలో మంత్రి పదవి విసిరికొట్టిన మనిషి ఫోటో కింద కూర్చుని "కూలి సంగతి యూనియన్లో మాట్లాడుకోండి" అనడం ఆయన విని ఉంటే ఏమనేవారో గాని, నాకు మాత్రం నవ్వొచ్చింది. మీ సభ్యుల్లో రిటైరైన బ్యాంకు ఉద్యోగులు ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు. వాళ్ళ పింఛను వెనక అలాంటి కొట్లాటలే ఉన్నాయి.

గిడుగు వారి సంగతీ అంతే. వాడుక భాష కోసం పోరాడారని ఏటా ఆగస్టు 29న దండ వేస్తాం. పర్లాకిమిడిలో మాష్టారుగా ఉంటూ సవర భాష తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు ఆయన. సవర పిల్లలకి సొంత ఖర్చుతో బడి పెట్టారు. తన భాష హక్కు ఒకటీ, కొండమీది పిల్లవాడి అవసరం ఇంకొకటీ అని ఆయన విడదీసి చూసుకోలేదు.

హక్కులు వేరు, కూలి వేరు అనే మాట ఒక్క మన సంఘంలోనే పుట్టలేదు లెండి. అమెరికాలో నల్లవాళ్ళకీ ఇదే చెప్పారు. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది, 1965లో ఓటు హక్కు చట్టం వచ్చింది. ఇంకేం కావాలి అన్నారు. నిజానికి 1963 ఆగస్టులో వాషింగ్టన్‌లో లక్షల మంది నడిచిన ఆ పెద్ద ఊరేగింపు పేరులోనే స్వేచ్ఛతో పాటు ఉద్యోగాలు కూడా ఉన్నాయి, గంటకి రెండు డాలర్ల కనీస వేతనం కావాలని కోరికల జాబితాలో ఉంది. మార్టిన్ లూథర్ కింగ్ ఉపన్యాసం అందరికీ గుర్తుంది, ఆ రెండు డాలర్లు ఎవరికీ గుర్తులేవు.

ఆ కింగ్ ఎక్కడ, ఎవరి మధ్య ఉండగా చంపబడ్డాడో మా వీధివాళ్ళకి చెప్తే ముందు నమ్మలేదు. మెంఫిస్ అనే ఊళ్ళో మున్సిపాలిటీ చెత్త ఎత్తే కార్మికులు దాదాపు 1,300 మంది సమ్మెలో ఉన్నారు. అందరూ నల్లవాళ్ళే. 1968 ఫిబ్రవరి 1న వాన పడుతుంటే ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ అనే ఇద్దరు కార్మికులు తలదాచుకోవడానికి చెత్తబండి వెనక భాగంలోకి ఎక్కారు. చెత్తని నొక్కే యంత్రం దానంతటదే కదిలి ఇద్దరినీ నలిపేసింది. బండ్లు పాతబడ్డాయని, మార్చమని అంతకు ముందే మొత్తుకున్నారు. ఎవరూ వినలేదు. వాన వస్తే నల్ల కూలీలని జీతం కోసి ఇంటికి పంపేవారు, తెల్ల సూపర్‌వైజర్లకి మాత్రం ఆ రోజు జీతం పడేది. రోజంతా పనిచేసి కూడా సర్కారు సాయానికి అర్హులయ్యేంత తక్కువ కూలి వాళ్ళది. ఫిబ్రవరి 12న పని ఆపేశారు. మెడలో వేసుకున్న అట్టల మీద "నేను మనిషిని" అని రాసుకున్నారు. జీతం పెంచమనే సమ్మెలో రాసుకున్న మాట అది. వాళ్ళకి ఈ రెండూ ఒకటే అని తెలుసు.

మార్చి 18న కింగ్ వచ్చి వాళ్ళ సభలో మాట్లాడాడు. హోటల్లో అందరితో సమానంగా కూర్చునే హక్కు వచ్చింది సరే, కూర్చున్నాక తినడానికి డబ్బు లేకపోతే ఆ హక్కుతో ఏం చేసుకోవాలి అని అడిగాడు. ఏప్రిల్ 4న అదే ఊళ్ళో కాల్చి చంపారు. ఆయన పోయిన తర్వాత ఏప్రిల్ 16న గాని నగరపాలక సంస్థ యూనియన్‌ని గుర్తించి, జీతాలు పెంచడానికి ఒప్పుకోలేదు.

అమెరికా కథ మనకెందుకంటే, అంబేడ్కర్ గారు బొంబాయి బట్టల మిల్లుల గురించి అదే చెప్పారు. మన బరంపురం పట్టుచీరలు నేసే దేవాంగులు మీలో చాలామంది ఉన్నారు కాబట్టి మీకు ఇది చప్పున అర్థమవుతుంది. ఆ మిల్లుల్లో ఎక్కువ కూలి దొరికేది నేత విభాగంలో. అందులోకి అంటరానివాళ్ళని రానిచ్చేవారు కాదు, ఎందుకంటే నాడెలో దారం ఎక్కించేటప్పుడు నోటితో పీల్చాలి. ఒకరి నోరు తగిలిన దారం ఇంకొకరు ఎలా ముట్టుకుంటారని. అలా అన్నది యజమాని ఒక్కడే కాదు, పక్కన నిలబడ్డ తోటి కార్మికులు. అంటరానితనం గుడి దగ్గరి సమస్యా, జీతం సమస్యా అని అడిగితే ఏమని చెప్పగలం? రెండు రకాల జీతాల మధ్య అడ్డుగా నిలబడింది ఆ ఎంగిలి దారం.

మీలో కొందరు పెద్దలు నాతో అంటుంటారు, "మేమూ లాంతరు వెలుగులో చదువుకున్నవాళ్ళమే, మాకెవరూ ఊరికే ఇవ్వలేదమ్మా" అని. నిజమే. మీ కష్టం మీదే, దాన్ని తక్కువ చెయ్యను. కాని ఆ కష్టం పడడానికి మిమ్మల్ని నేత విభాగంలోకి రానిచ్చారు.

నా షాపు బెంచీ మీద కూర్చుని చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. ఒక మాష్టారు మనవడి రెసిడెన్సు సర్టిఫికెట్ కోసం వస్తారు. నేను అర్జీ రాస్తుండగానే లోపలికి ఫోను చేస్తారు. లోపల గుమస్తా ఆయన దగ్గర చదువుకున్నవాడే. మధ్యాహ్నానికి పని అయిపోతుంది. ఎవరూ లంచం ఇవ్వలేదు, ఎవరూ అబద్ధం ఆడలేదు. అదే బెంచీ మీద మా వీధి ఆడమనిషి కూతురి కులం సర్టిఫికెట్ కోసం వచ్చి కూర్చుంటుంది. తాత పేరున భూమి కాగితం తెమ్మంటారు. తాతకి భూమి ఎక్కడిది? బడి సర్టిఫికెట్ తెమ్మంటారు. తాత బడికి వెళ్ళాడా? దరఖాస్తులు ఆన్‌లైన్ అయ్యాయి గాని విచారణకి వచ్చే ఆర్.ఐ. (రెవెన్యూ ఇన్‌స్పెక్టరు) మనిషే. "మీరు తెలుగువాళ్ళు కదా, శ్రీకాకుళం నుంచి తెచ్చుకోండి" అంటాడు. శ్రీకాకుళం వెళ్తే "నువ్వు ఒడిశాలో పుట్టావు కదమ్మా" అంటారు.

రెల్లి కులం ఆంధ్ర ఎస్సీ జాబితాలోనూ ఉంది, ఒడిశా జాబితాలోనూ ఉంది. అయినా ఈ తిరుగుడు ఎందుకంటే, ఎస్సీ హోదా రాష్ట్రం రాష్ట్రానికీ విడిగా లెక్క. జాబితాలు 1950లో రాష్ట్రపతి ఉత్తర్వుతో మొదలయ్యాయి. తండ్రి ఉద్యోగం వల్ల చిన్నప్పుడే బొంబాయి చేరిన ఒక తెలుగు గిరిజన విద్యార్థి మెడికల్ సీటు అడిగిన మర్రి చంద్రశేఖరరావు కేసులో, ఒక రాష్ట్రంలోని హోదా వలస వెళ్ళిన రాష్ట్రానికి వెంట రాదని సుప్రీంకోర్టు 1990లో తేల్చింది. వలస వచ్చినవాళ్ళ మాట అది. మా ముత్తాతలు ఈ వీధులు ఊడ్చేనాటికి ఇది మద్రాసు ప్రెసిడెన్సీ. వాళ్ళు వలస రాలేదని రుజువు చెయ్యాలంటే కాగితం కావాలి. కాగితం భూమి ఉన్నవాళ్ళ దగ్గరే ఉంటుంది. మీ వినతిపత్రంలో 1936 సంగతి ఎంతో బాధగా రాశారు కదా, ఆ గీత వల్ల ఇప్పటికీ నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగేది ఎవరంటే వీళ్ళు. మీకు కులం సర్టిఫికెట్ అవసరం పడదు, అందుకే ఆ పేరా మీకు తట్టలేదు. తట్టకపోవడం నేరం కాదు. ఇప్పుడు తెలిసింది కాబట్టి రాయండి అంటున్నాను.

ఇంటి స్థలం కూడా అలాంటిదే. 2017లో ఒడిశా ప్రభుత్వం పట్టణాల మురికివాడల్లో ఉంటున్నవాళ్ళకి భూమి హక్కు ఇచ్చే చట్టం చేసింది. డ్రోన్లతో కొలిచి, వారసులకి దక్కేలా హక్కు పత్రాలు ఇచ్చారు. మంచి చట్టమే, దేశమంతా మెచ్చుకుంది. కాని రైల్వే స్థలంలో పడ్డ గుడిసెలకి అది అక్కరకు రాదు. మా వీధిలో సగం రైల్వే కంచె అవతల ఉంది. ఒకే వీధిలో ఇటు పక్క అన్న చేతిలో కాగితం, అటు పక్క తమ్ముడి చేతిలో నోటీసు.

చట్టాలు లేక కాదు. అంటరానితనాన్ని 17వ అధికరణం రద్దు చేసింది. చేతులతో మలం ఎత్తించడాన్ని 1993లో ఒకసారి, 2013లో ఇంకొకసారి నిషేధించారు. కోలార్ బంగారు గనుల దగ్గర తెలుగు మాట్లాడే సఫాయి కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ తన సహచరులతో ఏళ్ళ తరబడి కోర్టులో పోరాడితే, మురుగు గుంటల్లో చనిపోయినవాళ్ళ కుటుంబాలకి 10 లక్షలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో దాన్ని 30 లక్షలకి పెంచింది. ఒడిశా 2020లో గరిమ పథకం తెచ్చి తొడుగులు, బూట్లు, పని గంటలు, వైద్యం అన్నీ రాసింది. రాసినవన్నీ బాగున్నాయి. అయినా సెప్టిక్ ట్యాంకు నిండిన ఇంటాయన రాత్రిపూట మా వీధికే వస్తాడు, రెండు వందలు ఎక్కువిస్తానంటాడు, ఇంట్లో బియ్యం లేనివాడు వెళ్తాడు. నిషేధించింది పనిని, ఆ పనికి తోసే లేమిని ఎవరూ నిషేధించలేదు. ఇంకొకటి కూడా చెప్పాలి. అలా వచ్చే ఇంటాయన తెలుగులోనే పిలుస్తాడు.

2022 అక్టోబరులో ఒడిశా ప్రభుత్వం కాంట్రాక్టు నియామకాలే ఎత్తేసింది. 57,000 మందికి పైగా ఉద్యోగులు ఒక్క దెబ్బతో రెగ్యులరయ్యారు. మన ఊళ్ళో టపాకాయలు కాల్చారు. తెల్లారి ఆ కాగితాలు ఊడ్చినవాళ్ళు ఆ 57,000 మందిలో లేరు, ఎందుకంటే వాళ్ళు ప్రభుత్వ కాంట్రాక్టు ఉద్యోగులు కూడా కాదు, ఏజెన్సీ మనుషులు.

కాబట్టి నేనడిగేది ఇది. వినతిపత్రానికి అనుబంధం ఒకటి ఇవ్వండి. పారిశుద్ధ్య కార్మికుల జీతం నెలలో ఫలానా తేదీకి బ్యాంకులో పడాలని, ఏజెన్సీ ఎగ్గొడితే మున్సిపాలిటీయే చెల్లించాలని అడగండి. ఇది కొత్త కోరిక కాదు. కాంట్రాక్టరు ఇవ్వకపోతే అసలు యజమాని ఇచ్చుకోవాలన్న సూత్రం 1970లో కాంట్రాక్టు కార్మిక చట్టంలోనే వచ్చింది. కులం సర్టిఫికెట్‌కి భూమి కాగితం లేనివాళ్ళ దగ్గర పాత మస్టర్ రోలు, పాత ఓటరు జాబితా, వీధి విచారణ సరిపోతాయని తహసీల్దార్లకి ఆదేశం ఇవ్వమని అడగండి. రైల్వే స్థలంలో ఉన్నవాళ్ళ గురించి మన ఎంపీ గారితో మాట్లాడండి. ఉగాదికి ఆయన మీ వేదిక మీదికి వస్తారు గాని మా వీధికి రారు.

ఇది అడిగితే తెలుగు సంఘం తెలుగువాళ్ళకే కదా, ఊడ్చే పనే చేసే ఒడియా కులం హడివాళ్ళ సంగతి మనకెందుకు అని ఎవరో అంటారు. అనకముందే చెప్తున్నాను. మా వదిన పక్కన ఊడ్చే ఆమె హడి. ఇద్దరి జీతమూ ఒకే రోజు ఆగుతుంది. తెలుగు కార్మికులకి మాత్రమే అని అడిగితే ఏజెన్సీవాడికి అంతకన్నా సంతోషం లేదు, వీళ్ళని వాళ్ళ మీదికి ఎగదోస్తాడు. బడి అడిగేటప్పుడు తెలుగు బడి అని అడగండి. జీతం అడిగేటప్పుడు అందరి జీతం అనండి. ఇందులో తెలుగుకి పోయేదేమీ లేదు. పైగా ఒడియావాళ్ళు మన సంఘాన్ని కాస్త వేరుగా చూస్తారేమో.

ఇక కలెక్టరు గారితో పని లేకుండా మీరే చెయ్యగలిగింది ఒకటుంది. మీ సంఘంలో అకౌంటెంట్లున్నారు, వకీళ్ళున్నారు, పీఎఫ్ ఆఫీసు నుంచి రిటైరైన ఆయన కూడా ఒకరున్నారు. మా వదిన జీతం కాగితం నేను చూశాను. పీఎఫ్‌కి కార్మికురాలి వాటా 12 శాతమూ, యజమాని కట్టాల్సిన 12 శాతమూ రెండూ ఆమె కూలిలోంచే కోశారు. యజమాని వాటాని కార్మికుల జీతంలోంచి కోయడానికి చట్టం ఒప్పుకోదు. కార్మికుల వైద్య బీమా ఈఎస్ఐకి ఆమె నుంచి పట్టాల్సింది ముప్పావు శాతం, పట్టింది నాలుగు శాతం. కట్టారో లేదో చూద్దామంటే కార్డే ఇవ్వలేదు. ఇది పట్టుకోవడానికి ఉద్యమం అక్కర్లేదు, లెక్క వచ్చిన మనిషి కళ్ళజోడు పెట్టుకుని అరగంట కూర్చుంటే చాలు. వారానికొక సాయంత్రం సంఘం హాల్లో ఒక బల్ల వేయండి. పీఎఫ్ ఖాతాకిచ్చే యూఏఎన్ నంబరుతో పాసుపుస్తకం తీసి చూపించండి. ఆన్‌లైన్ పని నేను చేస్తాను, ఫీజు వద్దు. బొంబాయిలో 2,700 మంది చెత్త కార్మికులు కాగితాలు కూడబెట్టి ఏళ్ళ తరబడి కొట్లాడి, 2017లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళి పర్మనెంటు ఉద్యోగులయ్యారు. అందులో హాజరు చీటీలు దాచుకున్నవాళ్ళ పాత్ర ఎంతో, వాటిని చదివి పెట్టినవాళ్ళ పాత్రా అంతే.

హాలు మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను, ఏమనుకోకండి. పెళ్ళికి ఆ హాలు కావాలని మా వీధివాళ్ళు అడిగినప్పుడల్లా ఖాళీ ఉండదు. ఉగాది ఊరేగింపుకి డప్పులు మావి, పంచాంగ శ్రవణానికి కుర్చీలు మీవి. ఇది రాతలో ఎక్కడా లేని నియమం, అందుకే ఎత్తెయ్యడానికి తీర్మానం కూడా అక్కర్లేదు. బుకింగు పుస్తకం ఎవరి దగ్గరుందో ఆయనకి చెప్తే చాలు.

రాజ్యాంగం పూర్తయిన రోజుల్లో, 1949 నవంబరు 25న, అంబేడ్కర్ గారు సభలో హెచ్చరించారు: రాజకీయాల్లో సమానత్వం వస్తోంది, బతుకులో అసమానత అలాగే ఉండబోతోంది, ఈ వైరుధ్యాన్ని త్వరగా తొలగించుకోకపోతే బాధపడేవాళ్ళు లేచి ఈ కట్టడాన్నే కూల్చేస్తారని. ఆయన దేశానికి చెప్పిన మాట మన సంఘానికీ వర్తిస్తుంది. మా వీధిలో కుర్రవాళ్ళు ఇప్పుడే అంటున్నారు, తెలుగు వల్ల మనకొచ్చిందేమిటి, ఒడియా బడికే పోదాం, జనాభా లెక్కల్లో మాతృభాష ఒడియా అని రాయించుకుందాం, కనీసం ఆర్.ఐ. అయినా శ్రీకాకుళం పొమ్మనడు అని. వాళ్ళతో నేను వాదిస్తున్నాను. నా దగ్గర వాదన తక్కువగా ఉంది, అందుకే మీకు రాస్తున్నాను.

అనుబంధం ముసాయిదా రాసి ఉంచాను, తెలుగులోనూ ఒడియాలోనూ. షాపుకొచ్చి తీసుకోవచ్చు, మార్పులు చెప్పచ్చు. దాని మీద మాట్లాడడానికి సమావేశం పెడితే ఉదయం పదింటికి పెట్టకండి. ఆ వేళకి మా వాళ్ళు ఇంకా రోడ్ల మీదే ఉంటారు. రెండో పూట హాజరు కూడా అయ్యాక, సాయంత్రం ఐదు దాటాక పెట్టండి. మా వదిన వస్తుంది, ఆమె పక్కన ఊడ్చే ఆమె కూడా వస్తుంది. ఆవిడకి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడడం మాత్రం ఒడియాలోనే మాట్లాడుతుంది.

ఇట్లు,
రెల్లి వీధి నుంచి, అర్జీలు రాసి బతికే ఒక మనిషి